లకు కొమ్ము

జూన్ 6, శుక్రవారం

మధ్యాహ్నం ఆటకు పాఠకుల సంఘం నుంచి ఇరవై ముగ్గురం వెళ్ళాం. రెండు వరసలు మావే. సినిమా నిడివి రెండు గంటల పన్నెండు నిమిషాలు. నవల నాలుగు వందల ఆరు పేజీలు. చాలా పోతుందని అందరం ముందే మనసు రాయి చేసుకున్నాం. పడవ రేవు పోయింది. మేనత్త పోయింది. జ్వరం అధ్యాయం పూర్తిగా పోయింది. లెక్కల టీచరు పోయినవాటిని చీకట్లోనే వేళ్ళ మీద లెక్కపెడుతూ కూర్చుంది. రిటైరైనా ఆవిడ వేళ్ళకు అలవాటు పోలేదు.

చివరి దృశ్యం. భర్త మూట భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాడు. భార్య గడపలో నిలబడింది. నవల చదివిన ప్రతివాడికీ ఇక్కడ ఏ మాట వస్తుందో తెలుసు. ‘తలపు తెరిచే ఉంటుంది.’ మా లైబ్రరీ గోడ మీద నీలం రంగులో రాసి ఉన్న మాట. మనిషి వెళ్ళిపోయినా మనసులో తలపు మూతపడదని అర్థం. దాని మీద నాకు తెలిసి రెండు పరిశోధన వ్యాసాలు వచ్చాయి.

తెర మీద ఆ నటి ‘తలుపు తెరిచే ఉంటుంది’ అంది.

తలుపు. చెక్కతో చేసేది.

“తప్పు!” అని పోస్టుమాస్టరు కేకేశాడు. లెక్కల టీచరు లేచి నిలబడింది. వెనక వరస వాళ్ళు కూర్చోమని అరిచారు. ఆవిడ కూర్చోలేదు. దీపాలు వెలిగేదాకా తెరకు అడ్డంగా అలాగే ఉంది.

బయట మెట్ల మీద అందరూ ఒకేసారి మాట్లాడారు.

“తలపు పీకేసి తలుపు బిగిస్తారా? నవల తీస్తున్నారా, వడ్రంగం చేస్తున్నారా?”

“ఒక్క మాట. ఆ ఒక్క మాట సరిగ్గా చెప్పించి ఉంటే మిగతాదంతా క్షమించేదాన్ని.”

“ఎర్రపెన్ను గారూ, మీరు నోరు మెదపరేం?”

ఎర్రపెన్ను నేనే. ముప్పై ఏడేళ్ళు పత్రికలో పనిచేసినందుకు మిగిలిన పేరు. ఎవరు ఏం రాసినా, ఏం మాట్లాడినా తప్పు దిద్దకుండా వదలనని పెట్టారు. తలనొప్పిగా ఉందన్నాను. నిజంగానే ఉంది.

“మేడమ్ రాలేదా?” అని నా భార్య గురించి అడిగింది లెక్కల టీచరు.

“చెల్లెలికి ఒంట్లో బాగోలేదు. అక్కడే ఉంది.”

“పోయిన జులై నుంచీనా?”

కొందరికి లెక్కలు రాకపోతే బాగుండేది.

ఇంటికొచ్చి నవల తీశాను. ఆఖరి పేజీలో ఆమె రాసిపెట్టి వెళ్ళిన చీటీ ఉంది. దాని చోటు అదే. మూడు లైన్లు. మొదటిది మాత్రల గురించి. రెండోది చెల్లెలి కొత్త ఇంటి చిరునామా, ఉత్తరాలేవైనా వస్తే పంపడానికి కాబోలు. వార్త మూడో లైన్లో ఉంది. తలపు తెరిచే ఉంటుంది. అంటే, తలుచుకుంటుందట. రాదట.

తెరిచి చూడలేదు. కంఠస్థమే కదా.

జూన్ 7, శనివారం

మోటారు వేయడం మరిచాను. పదకొండింటికి కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి.

జూన్ 8, ఆదివారం

ఎడిటర్ ఫోన్ చేశాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పటికీ గురువుగారూ అంటాడు.

“గురువుగారూ, ఎక్కడ చూసినా ఈ తలుపు గోలే. మీరొక వ్యాసం ఇవ్వాలి. పాఠకుల గుండెకోత, అలాంటిదేదో.”

“గుండెకోత అనేది ఆపరేషన్.”

“సరే, మీ మాటే పెట్టండి. ఆ ప్రెస్సులో మీరు పనిచేశారని ఒకసారి చెప్పారు కదా? మీకంటే బాగా ఎవరు రాస్తారు?”

చెప్పానా? ఎప్పుడు? చెప్పే ఉంటాను. గొప్పగానే చెప్పి ఉంటాను.

పది రోజులు గడువు అడిగాను.

ఆమె ఫోన్ చేసేది నెలకోసారి, మొదటి ఆదివారం. జూన్ 1న నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. గ్యాసు బండ, చెల్లెలి మోకాలు, నా బీపీ. ఎప్పుడొస్తావని నేను అడగలేదు. అడిగితే రానని చెప్పాల్సి వస్తుంది, ఆమెకు ఇబ్బంది. సినిమా సంగతి ఇద్దరం ఎత్తలేదు.

జూన్ 10, మంగళవారం

ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీలో కూడా ఇప్పటిదాకా రాయలేదు.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, పత్రికలో చేరకముందు, ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. వయసు ఇరవై మూడు. అక్షరాలు చేత్తో పేర్చే రోజులు. ఆ నవల రెండో ముద్రణ మా ప్రెస్సుకు వచ్చింది. రచయిత అప్పటికే లేడు. మొదటి ముద్రణ మూడు వందల కాపీలే వేశారు, అవి ఎవరి దగ్గర ఉన్నాయో తెలియదు. మాకు ఇచ్చింది ఆయన చేతిరాత ప్రతి.

పని పద్ధతి ఇది. ఒకరు చేతిరాత పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. అది అయ్యాక ప్రూఫు దిద్దేవాడు ఒక్కడే ప్రతి పేజీనీ వెనక్కి చదవాలి. చివరి మాట నుంచి మొదటి మాటకి. ఫోర్‌మన్ చెవి మెలిపెట్టి నేర్పాడు.

“ముందుకు చదివితే కథ లాక్కుపోతుందిరా నిన్ను. వెనక్కి చదువు. వెనక్కి చదివితే కథుండదు, అక్షరాలే ఉంటాయి.”

చివరి ప్రూఫు వచ్చిన రోజు పైకి చదివే మనిషి సెలవు. చేతిరాత పక్కన పెట్టుకుని నేనొక్కణ్ణే కూర్చున్నాను. నాలుగు వందల అయిదు పేజీలు వెనక్కే చదివాను. ఆఖరి పేజీ మాత్రం ముందుకు చదివాను. ఆమె అతనితో ఏమంటుందో తెలుసుకోవాలనిపించింది. అంతే కారణం.

అక్షరాల పెట్టెలో కంపోజిటర్ చెయ్యి ‘లు’ గడిలోకి వెళ్ళబోయి ‘ల’ గడిలోకి వెళ్ళింది. లకు కొమ్ము లేదు. తలుపు కాస్తా తలపు అయింది. నాకు కనబడలేదు. కనబడకపోవడం అలా ఉంచి, ఆ లైను దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి.

నెల తర్వాత చేతిరాత ప్రతి రచయిత వాళ్ళింటికి తిరిగి పంపుతూ ఒకసారి తెరిచాను. తలుపు. కొమ్ము దిట్టంగా, సిరా కాస్త పాకి, స్పష్టంగా ఉంది. అప్పటికి రెండు వేల కాపీలు బయటికి వెళ్ళిపోయాయి. ఫోర్‌మన్‌కు చెబుదామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

ఆ వారమే ఒక పత్రికలో సమీక్ష వచ్చింది. ‘ఇంకొకరైతే ఇక్కడ తలుపు అని రాసేవారు. తలపు అని రాయడానికి మహా రచయిత కావాలి.’

మూడోసారి లేవలేదు.

చేతిరాత ప్రతి ఆ తర్వాత వాళ్ళింట్లో వానకు తడిసి పోయిందట. పుస్తకం మళ్ళీ మళ్ళీ వేసినవాళ్ళందరూ మా ముద్రణ చూసే వేశారు. పెళ్ళి శుభలేఖల మీద చూశాను ఆ మాట. రచయిత విగ్రహం కింద రాతి మీద చెక్కారు. ఆవిష్కరణ సభ వార్త రాసింది నేనే.

జూన్ 11, బుధవారం

నిన్న రాసిన పేజీలు చింపేద్దామనుకున్నాను. ఈ డైరీకి పేజీ నంబర్లు ఉన్నాయి. చింపితే తెలిసిపోతుంది.

ఎవరికి?

జూన్ 12, గురువారం

సంఘం నెలవారీ సమావేశం. సినిమా తీసిన దర్శకురాలిని రమ్మన్నారు, వచ్చింది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. ఒంటరిగా వచ్చింది. గోడ మీది నీలం అక్షరాల కిందే ఆమెకు కుర్చీ వేశారు. కావాలనే వేశారు.

“అమ్మాయ్, నవల చదివావా, ఎవరైనా చెబితే విన్నావా?” అని మొదలుపెట్టింది లెక్కల టీచరు.

“పదకొండుసార్లు చదివానండీ.”

“మరి తలపు ఏ పేజీలో పారేసుకున్నావ్?”

నవ్వులు. దర్శకురాలు కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

“అసలు తలపు లేదండీ. రచయిత రాసింది తలుపే. మొదటి ముద్రణలో నా కళ్ళతో చూశాను.”

“ఏదీ? తే. చూస్తాం.”

“ఆ పుస్తకం నాది కాదు. పాత కాపీలుంటే చెప్పమని రెండేళ్ళ కిందట పేపర్లో ప్రకటన ఇచ్చాను. ఒకావిడ ఉత్తరం రాశారు. వాళ్ళ నాన్నగారి పుస్తకమట. చూడనిచ్చారు. ఫోటో తీయనివ్వలేదు. పేరు చెప్పొద్దన్నారు.”

“ఎందుకట?”

“ఇంట్లో ఒకరు నొచ్చుకుంటారట.”

పోస్టుమాస్టరు లేచాడు. “పేరు లేని ఆవిడ. ఫోటో లేని పుస్తకం. ఈ అడ్రసుతో ఏ ఉత్తరమూ చేరదమ్మా. నలభై ఏళ్ళ సర్వీసు మీద చెబుతున్నా.”

హాలు ఘొల్లుమంది. దర్శకురాలు నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది. ఎవరు చెప్పారో ఏమో, నా వైపు చూసింది.

“సార్, మీరు ఆ నవల అచ్చయిన ప్రెస్సులో చేశారట కదా? మీకైనా ఏమన్నా గుర్తుందా?”

నేను అన్న మాట, అన్నది అన్నట్టుగా: “ఆధారం ఉంటే చూపించండి.”

ఆమె తల ఊపింది. మూత బిగించి సీసా సంచిలో పెట్టుకుంది.

సినిమా ఎత్తేయాలని థియేటర్‌కు వినతిపత్రం రాశారు. దిద్దమని నాకు ఇచ్చారు. రెండు అక్షరదోషాలున్నాయి. దిద్దాను. ఇరవై మూడో సంతకం నాది.

జూన్ 13, శుక్రవారం

నాన్న పుస్తకాలు దాచుకున్న కూతుళ్ళు చాలామంది ఉంటారు.

ఆమె దగ్గర కూడా ఒకటి ఉండేది. అదే నవల. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి, బట్టల అలమరలో చీరల కింద పెట్టుకునేది. ఒకే పుస్తకం ఇంట్లో రెండెందుకు అని చాలాసార్లు అడిగాను. “మీది మీదే. ఇది నాన్నది” అనేది. ముప్పై నాలుగేళ్ళలో నేను దాన్ని ఒక్కసారీ తెరవలేదు. తెలిసిన నవలే కదా.

వెళ్ళేటప్పుడు అది పట్టుకెళ్ళింది. గొడుగు మరిచిపోయింది.

చాలామంది ఉంటారు.

జూన్ 14, శనివారం

గుడ్లు అయిపోయాయి. తేవాలి. గొడుగు బాగు చేయించాను. ఒక కమ్మీ వంగింది, అంతే.

జూన్ 15, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఒక చిన్న మాట దగ్గర తేడా వచ్చిందని అందామనుకున్నాను. మాట చిన్నదే. అందులో అబద్ధం లేదు.

పోయిన ఏడాది జులై 11. సంఘంలో ఆ నవల మీద ఆమె మాట్లాడాల్సిన రోజు. పదేళ్ళుగా సభ్యురాలు, వేదిక ఎక్కడం మొదటిసారి. మూడు కాగితాలు రాసుకుంది. నాకు చూపించలేదు. నేను రెండో వరసలో కూర్చున్నాను. మొదటి కాగితంలో రెండు చోట్ల ఉచ్చారణ తప్పింది. ఊరుకున్నాను, అది నేను నాకు వేసుకున్న మార్కు. మూడో కాగితం చివరికొచ్చాక ఆమె కాగితం దించింది. నా వైపు చూసింది. “తలుపు తెరిచే ఉంటుంది” అంది.

కూర్చున్న చోటి నుంచే “తలపు” అన్నాను. నా గొంతు పెద్దది.

అందరూ నవ్వారు. “ఇంట్లో కూడా ఇంతేనా మేడమ్?” అన్నాడు పోస్టుమాస్టరు. ఇంకా నవ్వారు. ఆమె కాగితాలు మూడూ కలిపి మడిచి, దిగొచ్చి, మూడో వరసలో కూర్చుంది. నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

ఆమె అన్నదే సరైన మాట అని ఆ హాల్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనొక్కణ్ణే అనుకున్నాను.

నడిచి వస్తుంటే దారిలో అడిగింది.

“నిజంగా తలపేనా?”

“పుస్తకంలో ఉన్నదే చెప్పాను.”

“ఒక్కసారి ఆలోచించి చెప్పండి.”

“ఆలోచించడానికి ఏముంది? అచ్చులో ఉంది.”

అయిదు రోజులకు చెల్లెలి మోకాలు ఆపరేషన్ అని వెళ్ళింది. మోకాలు నాలుగు నెలల్లో నయమైంది. అది కూడా ఫోన్లో ఆమే చెప్పింది.

చీటీలో నా మాటే రాసిపెట్టింది. మీ తలపు మీరే ఉంచుకోండి అన్నట్టు. ఆ దెప్పు నాకు అర్థమైంది. అందుకే ఫోన్లో అడగలేదు.

జూన్ 17, మంగళవారం

సినిమా ఎత్తేశారు. పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటించారు. అంచులో పాతది కొంచెం కనబడుతోంది. ఒక చెయ్యి, సగం గడప.

పోస్టుమాస్టరు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. “గెలిచాం” అన్నాడు.

వ్యాసం ఆరుసార్లు మొదలుపెట్టాను. ఆరింటిలోనూ మొదటి వాక్యం బాగుంది. నిజం ఒక్కదానిలోనూ లేదు.

ఎందుకు రాయలేకపోతున్నానో తెలుసు. పరువు అనుకున్నాను మొదట. అరవై ఒకటో ఏట పరువు పెద్ద బరువు కాదు. సంగతి చీటీ. ఆమె నాకు వదిలి వెళ్ళింది ఆ ఒక్క మాటే. తలపు అచ్చుతప్పు అని నలుగురిలో రాస్తే, నా దగ్గరున్నది కూడా అచ్చుతప్పే అవుతుంది. తలుచుకుంటానన్న మాట కూడా ఇక ఉండదు.

రాయకపోతే, ఆమె తప్పు చెప్పినట్టే మిగిలిపోతుంది.

జూన్ 19, గురువారం

రాశాను. నాలుగు వందల ఎనభై మాటలు. విశేషణాలు లేవు. ప్రెస్సు, ఫోర్‌మన్, ఆఖరి పేజీ, చేతిరాత, సమీక్ష, నా మౌనం. వినతిపత్రం మీద నా సంతకం. చివరి పేరా ఇది:

‘గత ఏడాది జులై 11న ఒక సభలో ఒకరు ఈ మాటను “తలుపు” అని సరిగ్గా పలికారు. నేను అందరి ముందు “తలపు” అని దిద్దాను. అది తప్పని తెలిసే దిద్దాను. ఆ సభలో అక్షరం తెలిసిన మనిషి ఆమె ఒక్కరే.’

ఎడిటర్ చదివి వెంటనే ఫోన్ చేశాడు.

“గురువుగారూ, ఇది వేయమంటారా?”

“నిజం కాదంటావా?”

“నిజం కాబట్టే అడుగుతున్నా. విగ్రహం కింద రాయి ఉందండీ.”

“రాయి కూడా ప్రూఫు చూడకుండానే చెక్కారు.”

“అక్కయ్య గారేనా ఆ సభలో ఆవిడ?” అన్నాడు. నా భార్యను అలాగే పిలుస్తాడు. ఫోన్ పెట్టేశాను.

జూన్ 22, ఆదివారం

అచ్చయింది. పూర్తిగా, ఒక్క మాట కోయకుండా, నా ఫోటోతో సహా.

అచ్చులో ఇలా ఉంది: ‘రచయిత రాసిన మాట “తలపు”. నా నిర్లక్ష్యం వల్ల అది “తలపు”గా అచ్చయింది.’

చివరి పేరా: ‘ఒకరు ఈ మాటను “తలపు” అని సరిగ్గా పలికారు. నేను అందరి ముందు “తలపు” అని దిద్దాను.’

ఎడిటర్ గొంతు పీలగా వచ్చింది.

“డ్యూటీలో ఉన్న సబ్ ఎడిటర్ ఆ నవలకు వీరాభిమాని అండీ. ప్రతిచోటా తలుపు అని కనబడేసరికి మీరు పొరబడ్డారనుకున్నాడు. దిద్దాడు.”

“ఎన్నిచోట్ల?”

“పద్నాలుగు. ఒక్కటీ వదల్లేదు. మీ వ్యాసాలు చదివే పని నేర్చుకున్నాడట.”

తిట్టడానికి నోరు తెరిచాను. ఎవర్ని తిట్టాలో తేలలేదు.

పదింటికి లెక్కల టీచరు ఫోన్.

“మూడుసార్లు చదివానండీ. తలపు తలపుగానే మిగిలిపోయిందన్నారు. ఎంత లోతుగా రాశారు! కళ్ళు మూసుకుని కూర్చుండిపోయాను.”

“అది అచ్చుతప్పు మేడమ్.”

“అదేనండీ, జీవితమే అచ్చుతప్పు అన్నట్టుగా రాశారు.”

ఇంకో అయిదుగురు చేశారు. అందరికీ నచ్చింది. నా మొత్తం ఉద్యోగంలో ఒక వ్యాసానికి ఇన్ని మెచ్చుకోళ్ళు రాలేదు.

ఆమె ఊళ్ళోనూ ఈ పేపరు వస్తుంది.

జూన్ 23, సోమవారం

ఆరో పేజీలో, ఎడమ మూల, వేలెడంత. ‘సవరణ: నిన్నటి వ్యాసంలో పద్నాలుగు చోట్ల “తలుపు” అన్న మాట “తలపు”గా మారింది. మూల ప్రతిని వెబ్‌సైట్‌లో ఉంచాం. చింతిస్తున్నాం.’

తొమ్మిదిలోపే లెక్కల టీచరు గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు.

“ముప్పై ఎనిమిదేళ్ళు ఎలా మింగుకుని కూర్చున్నారండీ?”

“అలవాటైపోయింది.”

“ఆ పిల్లను అన్ని మాటలంటుంటే మీరు అక్కడే ఉన్నారు. నేనన్నాను ఎక్కువ. మీరు విన్నారు.” గేటు మీద వేళ్ళు వాయిస్తూ నిలబడింది. “గోడ మీద నీలం రంగు ఇంకా కొంచెం మిగిలుందట డబ్బాలో. కొమ్ము పెట్టించాలా వద్దా అని ఓటింగ్ పెడుతున్నాం. మీకు ఓటు లేదు.”

దర్శకురాలి నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ‘థాంక్స్ సార్. పన్నెండో తారీఖున చెప్పాల్సింది.’ దిద్దడానికి అందులో ఏమీ లేదు.

ఈ సవరణలోనైనా తప్పు లేదు కదా అని అనుమానమొచ్చింది. పేపరు బల్ల మీద పరిచి, వేలు పెట్టి, ఫోర్‌మన్ చెప్పినట్టు చివరి నుంచి చదివాను. చింతిస్తున్నాం. ఉంచాం. వెబ్‌సైట్‌లో. తప్పులేదు. పైనున్న వార్త చదివాను వెనక్కి. దాని పక్కది కూడా. పని దొరికితే చెయ్యి ఆగదు. నవల తీసి ఆఖరి పేజీ వెనక్కి చదివాను, ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, చదవాల్సిన పద్ధతిలో. తప్పు ఉండాల్సిన చోటే ఉంది.

చీటీ పక్కనే ఉంది. వేలు దాని మీదికి జరిగింది.

ఉంటుంది.

తెరిచే.

తలుపు.

వేలు తీశాను. మళ్ళీ పెట్టాను. కళ్ళజోడు తుడుచుకున్నాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. నీలం బాల్‌పెన్ను. లకు కొమ్ము ఉంది. ఆమె కొమ్ము కొంచెం పొడుగ్గా లాగుతుంది, ఎప్పుడూ అంతే. దాని మీద కూడా ఒకసారి ఏదో అన్నాను.

పై లైను కూడా వెనక్కి చదివాను. గేటు. పచ్చ. వీధి. రెండో. వెనక. ఆసుపత్రి. పాత. ఇల్లు. కొత్త. చెల్లెలి.

ఇప్పుడు ముందుకు:

‘బీపీ మాత్రలు పై అరలో.

చెల్లెలి కొత్త ఇల్లు, పాత ఆసుపత్రి వెనక రెండో వీధి, పచ్చ గేటు.

తలుపు తెరిచే ఉంటుంది.’

ఉత్తరాలు పంపడానికి కాదు చిరునామా.

మొదటి రోజు నుంచీ ఈ డైరీలో దాన్ని ఎలా రాశానో వెనక్కి తిప్పి చూశాను. దిద్దబోయి ఆగాను. అలాగే ఉండనీ.

జూన్ 24, మంగళవారం

ఉదయం తొమ్మిది ఇరవై బస్సు. అయిదు గంటల ప్రయాణం. గొడుగు పట్టుకున్నాను.

పచ్చ గేటు. ముందు గది తలుపు బార్లా తెరిచి ఉంది. మూసుకుపోకుండా కింద ఒక ఇటుక. మరదలు కుంటకుండానే నడిచొచ్చింది.

“బావా! చెప్పాపెట్టకుండా?”

“అక్క ఏదీ?”

“సినిమాకెళ్ళింది. మూడోసారి. ఆ చివరి మాట దగ్గర ఆ నటి కంటే ముందే ఇది అనేస్తుంది. పక్కవాళ్ళు చూస్తుంటే నాకు సిగ్గేసి మొన్నటి నుంచి నేను పోవడం మానేశా.”

అన్నం పెట్టింది. తిన్నాను. ముందు గదిలో కూర్చున్నాను. చీకటి పడకముందే దోమలు మొదలయ్యాయి. తలుపు వేద్దామని లేచాను.

“ఆ ఇటుక ముట్టుకోకండి బావా. అదే పెట్టింది, వచ్చిన రోజు. దోమలొస్తున్నాయే అని నేను తీస్తాను, మళ్ళీ పెడుతుంది. పదకొండు నెలల నుంచీ మా ఇంట్లో ఇదే గొడవ.”

“ఆమెకు తలుపు సంగతి ఎప్పటి నుంచి తెలుసు?” అని అడిగాను. అడిగాక ఏ తలుపో చెప్పలేదని గుర్తొచ్చింది. మరదలికి అర్థమైంది.

“పెళ్ళైన కొత్తలోనే. నాన్న పుస్తకం, మీ పుస్తకం పక్కపక్కన పెట్టి చూసిందట. చెప్పవే అన్నాను. వద్దులే, అక్షరం తప్పితే అన్నం మానేసే మనిషి, ఆయన చేతి మీదుగా పోయిందని తెలిస్తే తట్టుకోలేరు అంది. మీకు తెలియదనే అనుకుంది బావా. మొన్న పేపరు చూసేదాకా.”

బయట కాసేపు ఎవరో బకెట్ నింపుతున్న చప్పుడు.

ఆరూ పదికి వచ్చింది. గేటు దగ్గర నన్ను చూసి ఆగింది. చెప్పులు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి, లోపలికొచ్చింది. నా చేతిలోంచి గొడుగు తీసుకుని ఒకసారి తెరిచి చూసింది. కమ్మీ బాగుపడిందని గమనించింది.

“పేపరు చూశాను” అంది.

“సవరణ కూడా వేశారు. నిన్న.”

“ఆరో పేజీ. చూశాను.”

“జులైలో నేను…”

“తెలిసే దిద్దారు. చదివాను కదా. మళ్ళీ చదివి వినిపించకండి.” గొడుగు మూసింది. “చీటీ చదవడానికి ఎన్నాళ్ళు పట్టింది?”

“పదకొండు నెలల ఏడు రోజులు.”

“మూడు లైన్లు.”

“మూడు లైన్లే.”

నా ముఖం వంక చూసింది. ఎంతసేపో చెప్పలేను, గడియారం చూడలేదు. తర్వాత వంగి ఆ ఇటుక తీసి గోడ వారగా పెట్టింది.

“దోమలొస్తున్నాయి” అంది. “ఇక తలుపు వెయ్యండి.”

వేశాను.